గోల్ కొట్టకపోతే ఆడనట్టేనా అక్కా?

పోయిన నెల ఈ పేజీలో ఫుట్‌బాల్ ఆడే ఆడపిలకాయల గురించి నాలుగు ముక్కలు రాసి, మధ్యలో ఎక్కడో "మిడ్‌ఫీల్డ్‌లో, అంటే గ్రౌండ్ మధ్యలో, ఆడే పిల్లని ఎవరూ ఫోటో తియ్యరు" అని ఒక మాట అనేశా. ఆ ఒక్క మాటకి గూడూరు నుంచి పొదిలి దాకా ఉత్తరాలూ మెసేజ్‌లూ. అన్నీ వెయ్యలేం గాబట్టి కొన్ని ఏరా. పేర్లు వద్దన్నోళ్ళే ఎక్కువ, అందుకే అందరివీ తీసేసి ఊళ్ళు మాత్రం ఉంచా. ముందే చెప్తున్నా, నేనేమీ ఇండియాకి ఆడినదాన్ని కాదు, యూనివర్సిటీ టీమ్ దాకా ఆడి ఇప్పుడు నెల్లూరులో పొద్దున పూట పిలకాయలకి ఆట నేర్పించే మనిషిని, ఆ లెక్కన చదువుకోండి.

అక్కా, నేను ఫార్వర్డ్ ఆడేదాన్ని. మండల్ లెవెల్‌లో 5 గోల్స్ కొట్టా. ఇప్పుడు మా పీఈటీ సార్ నన్ను మిడ్‌ఫీల్డ్‌కి మార్చేశాడు. అప్పట్నుంచి ఒక్క గోల్ లేదు. మా నాన్న ఇంటికొచ్చి "ఎన్ని కొట్టావే" అని అడిగితే ఏం చెప్పాలో తెలవట్లా. సార్‌కి నా మీద ఏమన్నా కోపమా? — 9వ తరగతి, టంగుటూరు

కోపమేం కాదు బుజ్జీ. మన ఊళ్ళల్లో సార్లు జోరుగా పరిగెత్తే పిల్లని చూడగానే ముందు పెట్టేస్తారు, అది తేలిక. మధ్యలో ఎవర్ని పెట్టాలా అని మాత్రం రెండ్రోజులు ఆలోచిస్తారు. మీ సార్ ఆలోచించాడన్నమాట.

పెళ్ళిళ్ళలో బంతి భోజనాలప్పుడు చూసుంటావు, ఒక పెద్దమ్మ ఉంటది, చేతిలో గరిటె కూడా ఉండదు, ఊరికే నిలబడి చూస్తా ఉంటది, ఏ ఆకులో పప్పు అయిపోయింది, ఏ వరసకి పులుసు పోలా, ఎవర్ని అటు తోలాలి అని. వడ్డించినోళ్ళని అందరూ మెచ్చుకుంటారు గానీ ఆమె పక్కకి పోయి పది నిమిషాలు కూర్చుంటే బంతంతా గోలగోల అయిపోద్ది. మిడ్‌ఫీల్డర్ అంటే ఆమే. కాకపోతే ఆమె నిలబడి చూస్తది, నువ్వు పరిగెత్తుకుంటా చూడాలి. పెద్ద లెవెల్ ఆడోళ్ళ మ్యాచ్‌లో మిడ్‌ఫీల్డర్ 90 నిమిషాల్లో 10, 11 కిలోమీటర్లు తిరుగుద్ది, అంటే మీ టంగుటూరులో బయల్దేరి సింగరాయకొండ దరిదాపులకి పోయినట్టు, మధ్యలో వెనక్కి, పక్కకి, ఎవరినో గుద్దుకుని పడి లేచి మళ్ళీ.

బ్రెజిల్‌లో ఒకామె ఉంది, ఫోర్మిగా. అది ఆమె అసలు పేరు కాదు, పోర్చుగీస్‌లో ఫోర్మిగా అంటే చీమ. చిన్నప్పుడు ఆమె తన కోసం కాకుండా టీమ్ కోసం పడే పాటు చూసి పెట్టిన పేరు. 1978లో పుట్టింది, అప్పటికి వాళ్ళ దేశంలో ఆడోళ్ళు ఫుట్‌బాల్ ఆడకూడదని చట్టమే ఉంది, 1941లో పెట్టి 1979లో తీశారు. అట్టాంటి చోట పుట్టి 1995 నుంచి 2019 దాకా 7 వరల్డ్ కప్‌లు, 1996 నుంచి 2021లో జరిగిన టోక్యో దాకా 7 ఒలింపిక్స్ ఆడింది, మొదటి వరల్డ్ కప్‌కి 17 ఏళ్ళు, ఆఖరి వరల్డ్ కప్‌కి 41. అన్నీ మిడ్‌ఫీల్డ్‌లోనే. ఇంకో సంగతి చెప్పనా, బ్రెజిల్ తరఫున ఆమె వీడ్కోలు మ్యాచ్ ఎవరితోనో తెలుసా, మన ఇండియాతో. 2021 నవంబర్‌లో, మనౌస్ అనే ఊళ్ళో. మనం 6-1తో ఓడాం గానీ ఆ ఒక్క గోల్ పంజాబ్ పిల్ల మనీషా కల్యాణ్ కొట్టింది, బ్రెజిల్ మీద!

గోల్స్ రావనే బెంగ కూడా వద్దు. 2025 జూలై 5న మన అమ్మాయిలు థాయిలాండ్‌లో థాయిలాండ్‌నే 2-1తో ఓడించి ఆసియా కప్‌కి క్వాలిఫై అయ్యారు గదా, ఆ థాయిలాండ్ రెండు వరల్డ్ కప్‌లు ఆడిన టీమ్, మనోళ్ళు వాళ్ళ మీద గెలుస్తారని ఎవరూ అనుకోలా. ఆ రెండు గోల్స్ కొట్టింది సంగీతా బాస్‌ఫోర్, బెంగాల్ పిల్ల, మిడ్‌ఫీల్డర్. హాఫ్‌టైమ్‌కి ముందొకటి, తర్వాతొకటి. 2011 వరల్డ్ కప్‌లో జపాన్ కెప్టెన్ హొమారే సావా మిడ్‌ఫీల్డర్‌గా ఆడి 5 గోల్స్‌తో టాప్ స్కోరర్ అయింది, ఫైనల్ అదనపు సమయంలోకి పోతే 117వ నిమిషంలో స్కోరు సమం చేసింది ఆమే. ఇంక చూడు, ఏడాదికోసారి ప్రపంచంలో బెస్ట్ ప్లేయర్‌కి ఇచ్చే బాలన్ డి ఓర్ ఉంది గదా, ఆడోళ్ళలో 2021, 2022 అలెక్సియా పుటెయాస్‌కి, 2023, 2024, 2025 ఐతానా బొన్మతికి. ఇద్దరూ బార్సిలోనా వాళ్ళే, ఇద్దరూ మిడ్‌ఫీల్డర్లే. వరసగా ఐదేళ్ళు. మీ నాన్నకి ఇది చెప్పు.

ఇప్పుడు పని చెప్తా. నార్వేలో గీర్ యోర్డెట్ అనే ఆయన ఏళ్ళ తరబడి ఒకటే చూశాడు, బాల్ కాలికి రాకముందు ఆటగాళ్ళు ఎన్నిసార్లు తల తిప్పి చుట్టూ చూస్తారు అని. మంచి మిడ్‌ఫీల్డర్లు ఎక్కువసార్లు చూస్తారు, పాస్‌లు కూడా వాళ్ళవే ఎక్కువ సరిగ్గా పోతాయి. నేను మా పిలకాయలతో చేయించేది ఇది: ఒకమ్మాయి ముందు నుంచి బాల్ తోస్తది, నేను ఆడే పిల్ల వెనకాల నిలబడి వేళ్ళు చూపిస్తా, రెండో మూడో నాలుగో. బాల్ కాలికి తగిలే లోపల అది నా వేళ్ళెన్నో అరవాలి. మొదటి వారం అందరికీ బాల్ కాళ్ళ సందులోంచి పోద్ది, నవ్వులే నవ్వులు. ఒకమ్మాయైతే "అక్కా నాకు వెనకాల కళ్ళుండాయా ఏంది" అని బాల్ మీద కూర్చుంది. రెండు వారాలు పోయాక అదే పిల్ల, బాల్ వస్తా ఉండంగానే కుడి భుజం మీదుగా ఒకసారి, ఎడమ భుజం మీదుగా ఒకసారి చూసి, "మూడు" అని అరిచి, ఒళ్ళు సగం తిప్పి నిలబడి, వెనక కాలితో బాల్ తీసుకుని అటే పోయింది. ముందు కాలితో తీసుకుంటే బాల్ ఆగిపోద్ది, వెనక కాలితో తీసుకుంటే ఆట ముందుకి పోద్ది. నువ్వు ఇంట్లో గోడకి కొట్టుకుంటా కూడా చెయ్యొచ్చు, వేళ్ళు చూపించడానికి మీ నాన్నని నిలబెట్టు, ఎన్ని కొట్టావే అని అడగడం మానేస్తాడు.

మేడమ్ గారూ, మా పాప టెన్త్. ఫుట్‌బాల్‌లో జిల్లా టీమ్‌కి ఆడింది. ఇంటర్‌కి నెల్లూరు హాస్టల్లో వేద్దామని మావారు, ఆట మానితే చచ్చిపోతానని పాప. చుట్టాలేమో ఎండలో నల్లబడిపోయింది, రేపు పెళ్ళెట్టా అంటున్నారు. పోయిన రొట్టెల పండగకి స్వర్ణాల చెరువు కాడ చదువు రొట్టె పట్టుకున్నా పాప కోసం, అది చూసి ఫుట్‌బాల్ రొట్టె లేదా అమ్మా అంది. ఏం చేసేది? — ఒక తల్లి, కావలి

అమ్మా, ఫుట్‌బాల్ రొట్టె లేదు గానీ ఉద్యోగం రొట్టె ఉంది గదా, మీ పాప విషయంలో రెండూ ఒకటే కావచ్చు. నల్లబడటం సంగతి నేను జవాబు చెప్పను, అడిగినోళ్ళని ఒకసారి మే నెలలో ఒంగోలు బస్టాండ్‌లో గంటసేపు నిలబెట్టండి, ఆట ఆడకుండానే నల్లబడతారు.

అసలు సంగతి ఇంటర్. మన జిల్లాల్లో ఆడపిల్ల ఆట ఎక్కడ ఆగిపోద్దో తెలుసా, పెళ్ళి దగ్గర కాదు, పెళ్ళి తర్వాత సంగతి. టెన్త్ అయిపోయిన జూన్‌లో ఆగిపోద్ది. పొద్దున 5 నుంచి రాత్రి 10 దాకా స్టడీ అవర్లుండే హాస్టల్లో వేసేస్తాం, గ్రౌండ్ ఉండదు, ఉన్నా అది ఫోటోకి. 16, 17 ఏళ్ళు ఫుట్‌బాల్‌లో ఎంత ముఖ్యమంటే, బయట దేశాల్లో ఆ వయసుకి సీనియర్ టీమ్‌లో ఆడేస్తారు. రెండేళ్ళు బాల్ ముట్టుకోకుండా డిగ్రీలో మళ్ళీ మొదలెడతామంటే కాళ్ళు గుర్తుపెట్టుకుంటాయి గానీ బుర్ర మర్చిపోద్ది. ఎంతమందిని చూశానో.

అందుకని నేను చెప్పేదేందంటే, చదువు మానిపించమని కాదు, కాలేజీ మార్చమని. సాయంత్రం గంటన్నర బయటికి వదిలే కాలేజీ చూడండి, గవర్నమెంట్ జూనియర్ కాలేజీ అయినా పర్లేదు, డే స్కాలర్‌గా వేసి ఇంటి నుంచి పంపండి. స్కూల్ గేమ్స్ వాళ్ళకి అండర్-19 విభాగం ఉంది, అది ఇంటర్ పిల్లల కోసమే, ఆ రెండేళ్ళు అందులో ఆడొచ్చు. మన దేశ ఫుట్‌బాల్ ఫెడరేషన్ వాళ్ళ ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ ఒకటి ఉంటది, సీఆర్ఎస్ అంటారు, అందులో పాప పేరు ఎక్కించారో లేదో జిల్లా అసోసియేషన్‌లో కనుక్కోండి, పుట్టిన తేదీ ఆధార్‌లో ఒకటీ టెన్త్ సర్టిఫికెట్‌లో ఒకటీ ఉంటే ఇప్పుడే సరిచేయించండి. ఇంకా గట్టిగా నేర్పించాలంటే అనంతపురంలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళ స్పోర్ట్స్ అకాడమీ ఉంది, ఆంధ్రాలో ఆడపిల్లల ఫుట్‌బాల్‌కి పేరున్న చోటు అది.

సర్టిఫికెట్లు మాత్రం జాగర్త తల్లీ. ఆడినప్పుడల్లా ఒరిజినల్ అదే రోజు చేతిలో పెట్టించుకోండి, ప్లాస్టిక్ కవర్లో వేసి బీరువాలో పెట్టండి. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి పోయినప్పుడు ఉత్త సర్టిఫికెట్ చాలదు, దానికి ఫామ్ అడుగుతారు, దేశానికి ఆడితే ఫామ్ 1, రాష్ట్రానికి నేషనల్స్ ఆడితే ఫామ్ 2, యూనివర్సిటీకైతే 3, స్కూల్ నేషనల్స్‌కి 4. మా బ్యాచ్‌లో ఒకమ్మాయికి ఆట ఉంది, సర్టిఫికెట్ ఉంది, ఫామ్ లేదు. సంతకం పెట్టాల్సిన ఆయన రిటైరైపోయి ఊరు మారిపోయాడు, ఆ పిల్ల ఆర్నెల్లు తిరిగి ఉద్యోగం పోగొట్టుకుంది. మన రాష్ట్రంలో 2024 స్పోర్ట్స్ పాలసీలో ఉద్యోగాల కోటా 2 శాతం నుంచి 3కి పెంచారు. నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఫుట్‌బాల్ అందులో ఉందో లేదో చూసుకోండి, అంతే.

పక్కన కడలూరు పిల్ల ఇందుమతి కదిరేశన్ సంగతి మీవారికి చెప్పండి అని ఫోన్లో కూడా చెప్పా మీకు. ఇండియాకి మిడ్‌ఫీల్డర్, తమిళనాడు పోలీసులో సబ్ ఇన్‌స్పెక్టర్. 2020 లాక్‌డౌన్‌లో అందరూ ఇంట్లో ఉంటే ఆమె చెన్నైలో డ్యూటీ చేసింది. ఇందాక చెప్పిన సంగీత కూడా సరిహద్దు కాపలా కాసే సశస్త్ర సీమా బల్‌లో ఉద్యోగి. మనకాడ ఆట, ఉద్యోగం ఇట్టా కలిసి నడుస్తాయి.

ఆడోళ్ళ ఫుట్‌బాల్ ఎవరు చూస్తారండీ, స్పీడ్ ఉండదు, స్టేడియంలో జనం ఉండరు. ఊరికే పిల్లల్ని ఆశపెట్టి చెడగొడతా ఉన్నారు మీలాంటోళ్ళు. — ఒంగోలు

చూస్తారన్నా. 2022 ఏప్రిల్‌లో బార్సిలోనాలో ఆడోళ్ళ మ్యాచ్‌కి 91,648 మంది వచ్చారు. అదేదో ఇప్పుడొచ్చిన వింత అనుకునేరు, 1920 డిసెంబర్‌లోనే ఇంగ్లండ్‌లో, లివర్‌పూల్ ఊళ్ళో, ఫ్యాక్టరీ ఆడోళ్ళు పెట్టుకున్న డిక్ కెర్ టీమ్ ఆడితే 53 వేల మంది వచ్చారు. తర్వాత ఏమైందో అడగండి. ఏడాది తిరక్కుండా 1921 డిసెంబర్‌లో అక్కడి ఫుట్‌బాల్ సంఘం ఆడోళ్ళకి గ్రౌండ్లు ఇవ్వొద్దని క్లబ్బులకి ఆర్డర్ వేసింది, దాదాపు 50 ఏళ్ళు తియ్యలా. జనం రాక ఆపలేదు, వస్తా ఉంటే ఆపారు.

స్పీడ్ సంగతంటారా, మీరొకసారి బొన్మతి ఆట చూడండి. ఆమె 13 ఏళ్ళ దాకా మగపిల్లలతోనే ఆడింది, మనిషి పొట్టి, పెద్ద స్పీడేమీ కాదు. ముగ్గురు చుట్టుముడతారు, మనకి బాల్ పోయిందనిపిస్తది, ఆమె అప్పటికే తిరిగిపోయి ఉంటది. చూశాక మళ్ళీ రాయండి, అప్పుడు కూడా నచ్చలేదంటే వేస్తా మీ ఉత్తరం.

మా అమ్మాయి డిగ్రీ మొదటి సంవత్సరం, స్టేట్‌కి ఆడింది. క్లబ్బులో ఆడితే జీతమిస్తారంట గదా, ఎంతొస్తది? నేను ఆటో నడుపుకునేవాడిని, లెక్క తెలిస్తే మంచిదని. — ఒక తండ్రి, ఆత్మకూరు

లెక్క అడిగారు, అందుకు ముందు దండం. చాలామంది అడగడానికి సిగ్గుపడి తర్వాత మోసపోతారు.

మన దేశంలో ఆడోళ్ళకి పెద్ద లీగ్ ఇండియన్ వుమెన్స్ లీగ్. 2016-17లో మొదలైంది, మొదట్లో అందర్నీ ఒక ఊరికి పిలిచి నెల్లోపల ఆడించి పంపేసేవాళ్ళు, అంటే ఏడాదిలో నెల పని. 2023-24లో సొంత గ్రౌండ్, ఎదుటోళ్ళ గ్రౌండ్ అని నెలల తరబడి ఆడించారు. కోళికోడ్ గోకులం వాళ్ళు మూడుసార్లు గెలిచారు, 2023-24లో ఒడిశా, 2024-25లో ఈస్ట్ బెంగాల్. జీతానికొస్తే, 2023లో ఫెడరేషన్ ఒక రూల్ పెట్టింది, ప్రతి క్లబ్బు కనీసం 10 మంది మన అమ్మాయిలకి ఏడాదికి 3.2 లక్షలకి తగ్గకుండా కాంట్రాక్టు ఇవ్వాలని. అంటే నెలకి 26 వేల పైచిలుకు. పదిమందికి అన్నారు, టీమ్‌లో పాతిక మంది దాకా ఉంటారు, మిగతావాళ్ళ సంగతి క్లబ్బు దయ. ఇండియాకి ఆడేవాళ్ళకి ఇంతకంటే బానే వస్తది. కింద రెండో డివిజన్ ఉంది, అక్కడ జీతం తక్కువ, కొన్ని చోట్ల తిండి, బస, చార్జీలు ఇచ్చి సరిపెడతారు.

మీ అమ్మాయికి దగ్గర దారి చెన్నై. నెల్లూరులో రైలెక్కితే మూడు గంటల్లోపే, తమిళనాడు వాళ్ళ లీగ్ ఉంది, ట్రయల్స్ పెడతారు. పోయేటప్పుడు రెండు కండిషన్లు. డబ్బులు కట్టించుకుని సెలక్షన్ అంటే తిరిగి రైలెక్కేయండి. రెండోది, కాంట్రాక్టు కాగితం మీద ఎన్ని నెలలు, నెలకెంత, దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది, ఈ మూడూ రాసుండాలి. మూడోదే అందరూ వదిలేస్తారు. మా రోజుల్లో ఒక టోర్నమెంట్‌కి పోయొస్తే దారిఖర్చులు తర్వాత ఇస్తామన్నారు, ఆ తర్వాత ఇంకా రాలా, జనరల్ బోగీలో బాత్‌రూమ్ పక్కన కూర్చుని వచ్చాం పదహారు మందిమీ, కాగితం లేదు గాబట్టి అడిగే దిక్కు లేదు.

ఆశ కోసం ఒకటి చెప్తా, లెక్కలోకి తీసుకోవద్దు. 2022లో ఇంగ్లండ్ మిడ్‌ఫీల్డర్ కీరా వాల్ష్‌ని మాంచెస్టర్ సిటీ నుంచి బార్సిలోనా కొనుక్కుంది, సుమారు 4 లక్షల పౌండ్లు, మన డబ్బుల్లో మూడున్నర కోట్ల పైన, అప్పటికి ఆడోళ్ళలో అదే రికార్డు. మూడేళ్ళకి, 2025 జూలైలో ఒలీవియా స్మిత్ అనే కెనడా అమ్మాయికి ఆర్సెనల్ 10 లక్షల పౌండ్లు పెట్టింది. మన తెలుగు పిల్లల్లో నిజామాబాద్ సౌమ్య గుగులోత్ 2022లోనే క్రొయేషియా పోయి డైనమో జాగ్రెబ్‌కి ఆడొచ్చింది, తండా నుంచి. మీ అమ్మాయి డిగ్రీ మాత్రం పూర్తి చేయించండి, యూనివర్సిటీ టీమ్‌కి ఆడితే ఫామ్ 3 వస్తదని పైన చెప్పా గదా.

అక్కా మ్యాచ్‌లో ఎవరూ తగల్లేదు, నేనే తిరగబోయా, మోకాలిలో టక్ మని సౌండ్ వచ్చింది. ఆ రాత్రికే బాగా వాచింది. కట్టు కట్టే ఆయన దగ్గర పసరు వేయించి కట్టించారు, వాపు పోయింది, ఇప్పుడు నడుస్తున్నా. కానీ పరిగెత్తి పక్కకి తిరిగితే మోకాలు జారిపోతా ఉంది. ఇంక నా ఆట అయిపోయినట్టేనా? — గూడూరు

అమ్మే, ముందు ఆడటం ఆపు. ఈ రోజే. నడవగలుగుతున్నావు గదా అని ఆడితే మిగిలింది కూడా చెడుతది.

టక్ మని సౌండ్, కొన్ని గంటల్లో వాపు, ఎవరూ తగలకుండా తిరిగేటప్పుడు, తర్వాత మోకాలు జారటం. ఇవన్నీ చూస్తే మోకాలి లోపల ఏసీఎల్ అనే లిగమెంట్ తెగిందేమో అని అనుమానించాలి. నేను డాక్టర్ని కాదు, తెగిందో లేదో చేత్తో మోకాలు లాగి చూసి, ఎమ్మారై తీసి ఎముకల డాక్టరు చెప్పాలి. కట్టు కడితే వాపు తగ్గుద్ది, అది కాలం గడిచినా తగ్గేదే, తెగిన ఏసీఎల్ పసరుతో అతుక్కోదు. మనోళ్ళు నేరుగా రాయవేలూరు, చెన్నై అంటారు, అంత దూరం పోయేముందు నెల్లూరులోనే ఆటల దెబ్బలు చూసే ఆర్థోపెడిక్ డాక్టరుకి చూపించి, ఎమ్మారై అయ్యాక ఆలోచించండి.

ఈ దెబ్బ మగోళ్ళ కంటే ఆడోళ్ళకే ఎక్కువ, రెండింతల నుంచి ఇంకా పైన కూడా చెప్తారు. నడుము, మోకాళ్ళ తీరు ఒక కారణం, దూకినప్పుడు మోకాళ్ళు లోపలికి వంగటం ఇంకోటి, హార్మోన్ల సంగతి ఇంకా చూస్తానే ఉన్నారు. కానీ నా కళ్ళతో చూసిన కారణాలు వేరే, గుంతల గ్రౌండు, సైజు సరిపోని, అన్న వాడిన స్టడ్స్ (అడుగున గుబ్బలుండే బూట్లు), వార్మప్ లేకుండా నేరుగా మ్యాచ్. మగపిల్లలకి జిమ్ ఉంటది, మనకి ఉండదు. మిడ్‌ఫీల్డర్‌కి ఇంకా కష్టం, మ్యాచంతా తిరగడమే దాని పని.

ఆట అయిపోలేదు. ఆపరేషన్ అంటే నీ తొడ వెనక నరం లాంటి ముక్కో, మోకాలి చిప్ప కిందదో తీసి లోపల కొత్త లిగమెంట్‌లా పెడతారు. తర్వాత కనీసం 9 నెలలు. అయిదో నెలకే మోకాలు బాగుందనిపిస్తది, అదే మాయ, 9 నెలల్లోపు గ్రౌండ్‌లోకి దిగినోళ్ళలో మళ్ళీ తెగే ప్రమాదం చాలా ఎక్కువ. ఫిజియోథెరపీ నెల చేసి మానేస్తారు మన పిలకాయలు, ఆపరేషన్‌కి పెట్టిన డబ్బంతా అక్కడే పోద్ది. అలెక్సియా పుటెయాస్ గురించి పైన చెప్పా గదా, ఆమెకి 2022 జూలైలో, యూరో కప్ మొదలవబోయే ముందు, ప్రాక్టీస్‌లో ఇదే ఏసీఎల్ తెగింది. ఆ అక్టోబర్‌లో రెండో బాలన్ డి ఓర్ తీసుకునేటప్పటికి ఆమె ఆడటం లేదు. 2023 ఏప్రిల్ చివర్లో తిరిగొచ్చింది, ఆగస్టుకి వరల్డ్ కప్ గెలిచిన టీమ్‌లో ఉంది.

మిగతా పిల్లలకి: ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా వాళ్ళ వార్మప్ ఒకటుంది, 11 ప్లస్ అంటారు, 20 నిమిషాలు, ఏ సామానూ అక్కర్లేదు, యూట్యూబ్‌లో దొరుకుద్ది. ఒంటికాలి మీద నిలబడటం, ప్లాంక్, మోకాళ్ళ మీద నిలబడి ఎవరన్నా మడమలు పట్టుకుంటే మెల్లగా ముందుకి వాలటం, దూకి మెత్తగా దిగటం. వారానికి రెండుసార్లు తప్పకుండా చేసిన టీమ్‌లలో దెబ్బలు మూడో వంతు దాకా తగ్గాయి. మీ సార్‌కి ఈ పేజీ చూపించండి.

నాకు 26. పెళ్ళైంది, బాబుకి ఏడాదిన్నర. డిగ్రీలో మిడ్‌ఫీల్డ్ ఆడేదాన్ని. మళ్ళీ ఆడొచ్చా అని అడిగితే మా అత్తమ్మ నవ్వి పోయింది. మీరు నవ్వరుగా? — పొదిలి

నవ్వను. ఐస్‌లాండ్ మిడ్‌ఫీల్డర్ సారా బ్యోర్క్ గున్నార్స్‌దోత్తిర్‌కి 2021 నవంబర్‌లో కొడుకు పుట్టాడు, కొద్ది నెలలకే మళ్ళీ ఆడింది. గర్భిణిగా ఉన్నప్పుడు ఆమె క్లబ్బు లియోన్ జీతం సరిగ్గా ఇవ్వలేదని ఫిఫాలో కేసు వేస్తే 82 వేల యూరోలకి పైగా కట్టమని తీర్పొచ్చింది. 2021 నుంచి ఫిఫా రూలే ఉంది, కాంట్రాక్టులో ఉన్న ప్లేయర్‌కి కనీసం 14 వారాల ప్రసూతి సెలవు, జీతంలో మూడింట రెండొంతులు. పొదిలిలో మనకి కాంట్రాక్టు లేదు, సరే, ఉండేది వదినలూ అత్తమ్మే. ముందు లేడీ డాక్టర్‌కి చూపించి రక్తం ఎంతుందో చూసుకో, కడుపు కండరాలు, నడుము గట్టిపడే వ్యాయామాలు రెండు మూడు నెలలు చెయ్యి, తర్వాతే పరుగు. ఇప్పుడే మ్యాచ్ అనబాకు. అత్తమ్మకి బాబుని అప్పజెప్పి పొద్దున అరగంట నడకకి పో, నడక అని చెప్పు, ఫుట్‌బాల్ అని చెప్పబాకు.

అక్కా నేను నెల్లూరే, 8వ తరగతి. మీ దగ్గరికి రావాలని ఉంది. నా దగ్గర స్టడ్స్ లేవు. మా ఇంట్లో నిక్కరు వేసుకోనివ్వరు. ఇంకోటి, ఆ మూడ్రోజులు ఏం చెయ్యాలి? తెల్ల యూనిఫాం అంటే భయం. మీరు ఎందుకు ఆడటం మానేశారు? — పేరు వద్దు

నాలుగు అడిగావు, ఆఖరిది ముందు చెప్తా. మోకాలు విరగలేదు, పెళ్ళికి భయపడలేదు. యూనివర్సిటీ అయిపోయిన తర్వాత సోమవారం పొద్దున లేచి గ్రౌండ్‌కి పోతే ఆడటానికి ఎవరూ లేరు. టీమ్ లేదు, లీగ్ లేదు, ఇండియన్ వుమెన్స్ లీగ్ వచ్చేటప్పటికి నా వయసు దాటిపోయింది. నెల రోజులు ఒక్కదాన్నే గోడకి కొట్టుకున్నా, తర్వాత బీఎడ్‌లో చేరా. అంతే కథ.

నిక్కరు గొడవ పెట్టుకోబాకు, లోపల నల్ల లెగ్గింగ్స్ వేసి పైన నిక్కరు వేసుకుంటారు మా దగ్గర సగం మంది, రెఫరీలు కూడా ఏమీ అనరు, లెగ్గింగ్స్ రంగు నిక్కరు రంగుకి కలిసి, టీమంతా ఒకటే ఉంటే చాలు. తెల్లవాటికి నువ్వొక్కదానివే భయపడటం లేదు, ఇంగ్లండ్ అమ్మాయిలు ఇదే మాట అడిగితే 2023లో వాళ్ళ తెల్ల నిక్కర్లు తీసేసి నీలం ఇచ్చారు. మీ టీమ్‌కి కొత్త డ్రెస్ కుట్టించేటప్పుడు సార్‌ని ముదురు రంగు అడగండి, అడగడానికి సిగ్గైతే నా పేరు చెప్పండి. ఆ మూడ్రోజులు ఒళ్ళు బాగుంటే ఆడు, బాలేకపోతే చెప్పి కూర్చో, రెండూ మామూలే. మరీ ఎక్కువ పోతా కళ్ళు తిరుగుతుంటే అమ్మకి చెప్పి రక్తం టెస్టు చేయించుకో.

స్టడ్స్ ఇప్పుడే కొనబాకు. మొదటి రెండు నెలలు స్కూలు కాన్వాస్ షూ చాలు, కాలు ఇంకా పెరిగే వయసు, కొంటే మళ్ళీ ఆర్నెల్లకి బిగుతైపోద్ది. పొద్దున అయిదున్నరకి రా, ఆరైతే ఎండ వచ్చేస్తది. నీళ్ళ బాటిల్ తెచ్చుకో, ఒక అరటిపండు తిని రా, ఖాళీ కడుపుతో మాత్రం రాబాకు, పోయిన వారం ఇద్దరు కళ్ళు తిరిగి పడ్డారు.